ఉక్కుపట్టణమున నొక విచారణ: నోవా హుతా కథోలిక సమాజ చరిత్రము

మహాసభ సంచికకు చరిత్రవిషయకమగు వ్యాసమొకటి వ్రాసి పంపవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఏ చరిత్రమో వారు నిర్దేశింపలేదు. మన కులవృత్తాంతమును గూర్చి గత సంచికలయందు మాకంటె సమర్థులైనవారు వ్రాసియున్నారు. ఆ శాసనములను, ఆ వంశావళులనే మరల తిరుగవేయుట చర్వితచర్వణమగునని తలచి, ఈ పర్యాయము మిక్కిలి దూరదేశమునందలి యొక సమాజముయొక్క కథను చెప్పబూనితిమి. రాజుగాని, జమీందారుగాని, మఠాధిపతిగాని పోషకుడుగా లేక, నెలజీతముల మీద బ్రతుకు కూలిజనులు తమకొక దేవాలయము కావలెనని ఇరువదియేండ్లు పట్టుబట్టి కట్టుకొనిన కథ యిది. మన విద్యార్థివసతిగృహము కొఱకు చందాలు పోగుచేసిన దినములలో మేమును రసీదుపుస్తకము చంకనిడుకొని యెండలో తిరిగినవారమే. పది రూపాయలు వ్రాసి యైదిచ్చినవారిని చూచితిమి; ఏమియు వ్రాయక పదిచ్చినవారినిగూడ చూచితిమి. కావున నిట్టి కథలయందు మాకు సహజముగనే మక్కువ కలదు. పాఠకులకును కలుగునని నమ్ముచున్నాము.

ముందుగా ‘విచారణ’ యను మాటను గూర్చి రెండు ముక్కలు. సంస్కృతమున విచారణ మనగా పర్యాలోచనము, పరిశీలనము. మన న్యాయస్థానములలో నీ మాటకు గల యర్థ మందరకును విదితమే. తెలుగునాట కథోలిక క్రైస్తవులు మాత్రము ఒక గురువుయొక్క పాలనక్రింద నుండు గ్రామసముదాయమును, అందలి విశ్వాసులను కలిపి ‘విచారణ’ యందురు. ఆ గురువును ‘విచారణ గురువు’ అందురు. కొన్ని విచారణలపై నధికారియైన వానిని మేత్రాణియనియు, రోమాపురియందలి సర్వాధికారిని పాపుగారనియు వ్యవహరింతురు. ఒకరి మంచిచెడ్డలను విచారించువాడు గురువు, విచారింపబడు జనము విచారణ. ఈ యర్థము మాకు మిగుల నచ్చినది. ఈ వ్యాసమున నీ మాటలనే వాడుచున్నాము.

నోవా హుతా పోలెండుదేశమున క్రాకూవ్ నగరమునకు తూర్పున నున్న పట్టణము. ఆ దేశభాషలో దాని యర్థము ‘క్రొత్త లోహకర్మాగార’ మని. రెండవ ప్రపంచసంగ్రామము ముగిసిన పిమ్మట పోలెండున కమ్యూనిస్టుల ప్రభుత్వమేర్పడెను. బ్రహ్మాండమగు నుక్కుకర్మాగారమును, దాని నాశ్రయించి సమసమాజమునకు మేలుబంతియగు పట్టణమును నిర్మింపవలెనని యా ప్రభుత్వము తలపెట్టెను. 1949వ సంవత్సరము జూన్ నెల 23వ తేదీన నివాసగృహముల కట్టడము ప్రారంభమయ్యెను. మరుసటియేట కర్మాగారమునకు పునాదులు త్రవ్విరి. 1954 జూలైలో మొదటి ఊదుకొలిమి వెలిగెను. కర్మాగారమునకు లెనిన్ నామమునుంచిరి. ముడి ఇనుము సోవియట్టు దేశమునుండియు, బొగ్గు సైలీషియా గనులనుండియు వచ్చెడిది. ప్రాచీనరాజధానియు, విద్యాపీఠమునైన క్రాకూవు ప్రజలు క్రొత్త ప్రభుత్వమునకు ముఖము చూపకుండుటచేతనే, దాని ప్రక్కన కార్మికపట్టణమును కట్టి యా నగరముయొక్క స్వభావమునే మార్పదలచిరని పలువు రందురు. విస్తులానది నీరు, రైలుమార్గములు, పల్లెలలో పనిలేక యున్న జనము — ఇవియు కారణములే. ఈ రెండింటిలో నొకటియే నిజమని వాదించువారితో మేమేకీభవింపజాలము. రాజ్యములు ఒక్క కారణముచేత నంత పెద్ద పని కొడిగట్టవు.

ఆ కర్మాగారము వెలసిన నేల బంజరుగాదు. మొగీవా, బ్యెంచిత్సె, ప్లెషూవ్, క్షెస్వావిత్సె మొదలగు పల్లెలుండిన సారవంతమైన నల్లరేగడి భూమి యది. (ఈ పేళ్లను పలుకుట మన నాలుకకు కష్టమే, మేము వారి యుచ్చారణమునకు సాధ్యమైనంత దగ్గరగా వ్రాసితిమి.) గోధుమచేలు పండెడి పొలములను తీసికొని పల్లెవాండ్రను కదలించిరి. మొగీవా యను పేరునకు దిబ్బ లేక సమాధి యని యర్థము. క్రాకూవును స్థాపించిన రాజుకూతురు వాంద యను కన్య విస్తులానదిలో పడి ప్రాణము విడువగా, ఆమె కళేబరముపై పోసిన మట్టిదిబ్బ యదియని యైతిహ్యము. అచ్చటనే పదుమూడవ శతాబ్దినుండి సిస్టర్సియను సన్న్యాసుల మఠము గలదు; దాని కెదుట 1466 నాటి కొయ్యదేవాలయ మొకటి నేటికిని నిలిచియున్నది. నూతన పట్టణపు ప్రణాళికలో మాత్రము గుడికి స్థానము లేదు. నాటకశాల, విశాలమగు రాజవీధులు, ఉద్యానములు, ఆసుపత్రి, పాఠశాలలు అన్నియు నుండెను. దేవుడు లేని పట్టణమని దానిని కట్టినవారే సగర్వముగ చెప్పుకొనిరి.

ఇక నా పట్టణమునకు వచ్చిన జనమెవరు? అత్యధికసంఖ్యాకులు దక్షిణ పోలెండు పల్లెలనుండి వచ్చిన పేదరైతుల బిడ్డలు. యుద్ధానంతరము తూర్పుసీమలను కోల్పోయి వచ్చిన కాందిశీకులును కొందరు. నెత్తిన మూట, కాళ్లకు రబ్బరుబూట్లు. ఎటు చూచినను బురద. బారకాసులలోను, కూలివసతిగృహములలోను గదికి పలువురు చొప్పున నివసించిరి. ఆ జీవితమున త్రాగుడు, కొట్లాటలు మెండుగ నుండెను. ప్రభుత్వపక్షమున నుండిన కవియే, ఆదాం వాజిక్ అనునతడు, 1955లో ప్రకటించిన ‘వయోజనుల కొఱకు కావ్యము’న నోవా హుతాయందలి దుర్దశను వర్ణింపగా దేశమంతయు కలకలము పుట్టెను. నిష్పక్షపాతముగ రెండవవైపును చెప్పవలెను. పూరిగుడిసెలో పుట్టినవాని కచ్చట విద్యుద్దీపము, గొట్టపు నీరు, నికరమైన జీతము లభించెను. అక్షరము రానివారు రాత్రిపాఠశాలలలో చదువుకొనిరి. ఈ మేలును వారు మరువలేదు. పల్లెనుండి తెచ్చుకొనిన ప్రార్థననుగూడ మరువలేదు. ఇల్లిచ్చిన ప్రభుత్వము ప్రతిగా విశ్వాసమును విడువుమనినప్పుడే చిక్కు వచ్చెను.

మొదటి సంవత్సరములలో వారికి గతి మొగీవా మఠము, బ్యెంచిత్సెలోని చిన్న ప్రార్థనాలయము మాత్రమే. ఆ ప్రార్థనాలయమున కొలది జనులే పట్టుదురు. ఆదివారమునాడు వేలకొలది వచ్చి బయట వానలోను మంచులోను నిలువబడి దివ్యబలిపూజలో పాల్గొనుచుండిరి. మన యూళ్లలో కల్యాణోత్సవమునాడు గుడిచుట్టు జనము నిలుచునట్లే యని పాఠకులూహింపవచ్చును. కాని యచ్చటి చలి మన యూహ కందునది కాదు. ఆ దినములలో క్రైస్తవమఠములపై నిర్బంధము తీవ్రముగ నుండెను. క్రాకూవు మేత్రాణి బజ్యాక్ గారు 1952లో నిర్బంధింపబడి, పిదప నగరమునుండి బహిష్కృతులైరి. దేశమున క్రైస్తవసభకు నాయకులైన వైషిన్‌స్కిగారు 1953 మొదలు మూడేండ్లు చెఱయందుండిరి.

1956 అక్టోబరులో గోముల్కా యను నాయకు డధికారమునకు వచ్చెను. కొంతకాలము గాలి చల్లగ వీచెను. చెఱనున్న గురువులు విడుదలైరి. నోవా హుతా ప్రతినిధు లాయనను దర్శించి దేవాలయమునకై యర్థింప ననుమతి లభించెను. నాటకశాలకు సమీపమున మార్క్సు పేరిట నొక వీధి, మయకోవ్‌స్కీ పేరిట నొక వీధి కలియుచోట స్థలమును చూపిరి. 1957 మార్చి 17వ తేదీన బజ్యాక్ గారు అచ్చట కొయ్యశిలువను ప్రతిష్ఠించి యాశీర్వదించిరి. సంఘమేర్పడెను, చందాలు చేరెను, కట్టడమునకు నమూనాలు గీయించుటకు పోటీ నడపిరి. కార్మికుల భార్యలు శిలువయొద్ద పూలుంచుట, సాయంకాలములందు ప్రార్థించుట నిత్యకృత్యమయ్యెను. గుడి లేదు, గుడి వచ్చునను గుర్తు మాత్రము కలదు.

ఆ యనుమతి నిలువలేదు. ప్రభుత్వము 1959లో దానిని రద్దుచేసి, ఆ స్థలమున పాఠశాల కట్టెదమని ప్రకటించెను. పోలెండు రాజ్యమేర్పడి వేయేండ్లు నిండుచున్నందున దేశమంతట వేయి పాఠశాలలు కట్టవలెనని యొక పథక మపుడు నడచుచుండెను. ఇచ్చట మేము కొంచె మాగవలసియున్నది. జీవితమంతయు బడిపంతులుగ గడపిన మేము పాఠశాల వలదనువారి పక్షమును వహింపజాలము. పిల్లలకు బడి కావలసినదే. కాని యంత విశాలమగు పట్టణమున, ఇండ్లు లేచుచున్న ఖాళీనేల కొదువలేనిచోట, దేవాలయమునకని యిచ్చిన యా చెక్కయే బడికి కావలసివచ్చుట విద్యాభిమానము కాదు. ఒకని నోటికాడి ముద్దను తీసి మరియొకనికి పెట్టి దానిని దానమనిన యెవరు నమ్ముదురు? బడిని గుడికి శత్రువుగ నిలిపిన పాపము ఆ యధికారులది.

1960 ఏప్రిల్ 27వ తేదీ ఉదయమున పనివాండ్రు కొందరు శిలువను పెకలించుటకు గడ్డపారలతో వచ్చిరి. మొదట నడ్డగించినవారు స్త్రీలు. ఇంటిపనులు చేసికొనుచుండినవారు కిటికీలనుండి చూచి పరుగెత్తివచ్చి చుట్టును నిలిచిరి. చేతికందిన మట్టిపెళ్లలు విసరిరి. మధ్యాహ్నమునకు కర్మాగారమున పాళీ ముగించి వచ్చు కార్మికులు వారితో కలిసిరి. జనము వేలసంఖ్యకు చేరెను. నగరమునుండి సాయుధరక్షకులను రప్పించిరి, బాష్పవాయువు, నీటిగొట్టములు, లాఠీలు ప్రయోగించిరి, తుపాకులును ప్రేల్చిరి. జనము రాళ్లు రువ్వి, ప్రభుత్వకార్యాలయమునకును నష్టము కలిగించిరి. దానిని మేము మెచ్చుట లేదు గాని దాచుటయు లేదు. చీకటిపడి చాలసేపగువరకు వీధులలో సంకులమై యుండెను. సుమారు 500 మందిని నిర్బంధించిరి. ఎనుబదిమందికి పైగా కారాగారశిక్షలు పడెను. అనేకులు కొలువులు పోగొట్టుకొనిరి. ఆ శిలువను మాత్రము తీయలేకపోయిరి. అధికారులు వెనుకకు తగ్గిరి. పాఠశాలయు లేచెను, శిలువయు దాని ప్రక్కన నిలిచెను. తరువాతికాలమున, ఆ ప్రభుత్వమే లేకుండపోయిన పిమ్మట, అచ్చటనే యేసు తిరుహృదయము పేరిట దేవాలయ మొకటి వెలసెను.

గ్రంథములయందు ప్రాయికముగ మేత్రాణుల పేర్లు, మంత్రుల పేర్లు నిలుచును. నాడు మట్టిపెళ్ల విసరిన యిల్లాలి పేరు చరిత్రగ్రంథములందు మాకు తటస్థపడలేదు. మన కులచరిత్రలయందును ఇట్లే కదా! ధర్మకర్తల పేర్లు శిలాఫలకములపై నుండును. నీళ్లు మోసినవారి పేర్లుండవు.

ఈ కథలో ముఖ్యుడగు పురుషు డీ దశలోనే ప్రవేశించుచున్నాడు. కారోల్ వొయ్‌తీవాగారు జర్మనుల యాక్రమణకాలమున క్రాకూవులో రాళ్లగనిలోను, రసాయనకర్మాగారములోను కూలిపని చేసినవారు. 1946లో గురుపట్టమును పొంది, 1958లో సహాయమేత్రాణి యైరి. కార్మికుని చేతికాయ యెట్టిదో పుస్తకములవలన గాక తన చేతినిబట్టి యెఱిగినవారు. 1959 మొదలు క్రిస్మస్ అర్ధరాత్రిపూజను వారు బ్యెంచిత్సెయందలి బయలున, మంచుగాలిలో, జనము నడుమ చేయసాగిరి. కట్టడములేని చోట ఏటేట మేత్రాణియే వచ్చి నిలుచుట ప్రభుత్వమునకు మాటలేని యర్జీవంటిది. వాదమున నధికారులను ధిక్కరించుటకంటె నిట్టి పునరావృత్తియందు వారికి నమ్మకము మెండు. ప్రతివర్ష మర్జీ, ప్రతివర్షము నిరాకరణము, ప్రతివర్షము మంచులో పూజ.

1965లో గొజెలానీ యను గురువు బ్యెంచిత్సె విచారణకు వచ్చిరి. ఈయన చేసినపని మేత్రాణిగారి కీర్తిచాటున మరుగుపడినదని మా యభిప్రాయము. ఒకవంక ప్రభుత్వకార్యాలయముల మెట్లెక్కి దిగుట, మరియొకవంక ఓపిక నశించిన జనమును నిలువరించుట — రెండును ఆయన పాలబడెను. సంఘకార్యములు నడపినవారికి ఈ రెండవది యెంత కష్టమో తెలియును. 1967 అక్టోబరు 13వ తేదీన ఎట్టకేలకు అనుమతి వచ్చెను, 1957 నాటి స్థలమున గాక బ్యెంచిత్సెలో. మరునాడే, అనగా 14వ తేదీన, ఆ సంవత్సరముననే కార్డినల్ పదవినందిన వొయ్‌తీవాగారు తాము స్వయముగ పార పట్టి పునాదిమట్టిని త్రవ్విరి. ఒక్కదినమైనను జాగుచేయలేదు, అనుమతులు మంచువలె కరగుట వారు చూచియుండిరి గదా. 1969 మే 18వ తేదీన శంకుస్థాపన జరిగెను. రోమాపురియందలి పునీత పేతురు దేవాలయమునకు సంబంధించిన రాతిని ఆరవ పౌలు పాపుగారు పంపగా, దానినే మూలశిలగ నుంచిరి.

అనుమతి కాగితమున మాత్రమే వచ్చెను. దేశమున సిమెంటు, ఇనుము, యంత్రములన్నియు ప్రభుత్వము చేతిలోనివి. లోకమునకు లక్షల టన్నుల యుక్కునిచ్చు పట్టణమున గుడికి కావలసిన ఇనుపకమ్మికి కఱవు! యంత్రములు దొరకలేదు. కార్మికులు పాళీ ముగించుకొని వచ్చి చేతులతో కంకర కలిపిరి. గృహిణులు, విద్యార్థులు, ఇతరప్రాంతములవారు, విదేశములనుండి వచ్చిన యువకులును సెలవుదినములలో పనిచేసిరి. ఈ విధముగ పదియేండ్లు సాగెను. కట్టడపు నమూనా గీచినవారు ప్యెత్షిక్ అను వాస్తుశిల్పి. ఫ్రాన్సునందు లె కార్బుజియే నిర్మించిన రొంషాం దేవాలయముయొక్క ఛాయ దానియం దున్నదని తెలిసినవా రందురు. చూచుటకది పెద్ద నావవలె నుండును; పైన డెబ్బదిమీటర్ల యెత్తున శిలువతో కూడిన స్తంభము ఓడకొయ్యవలె లేచియుండును. అందుచేత జనులు దానికి ‘ప్రభువు ఓడ’ యని పేరిడిరి. ప్రళయకాలమున నోవహు ఎక్కిన యోడ యని వారి భావము. మన పురాణములయందును సత్యవ్రతుడు మత్స్యమూర్తి కొమ్మునకు నావను కట్టి ప్రళయమును దాటినాడు గావున మన కీ యుపమానము క్రొత్త కాదు. గుడియొక్క యసలు పేరు ‘పోలెండు రాణియగు మరియమాత దేవాలయము’.

బయటి గోడల విషయము వినదగినది. గోడలకు తొడుగుటకు గుండ్రని రాళ్లు కావలసివచ్చెను. గొజెలానీగారు దేశమంతటి విశ్వాసులకు విన్నపము చేసిరి. ఏఱులలోను, నదులలోను నునుపెక్కిన రాళ్లను జనులు సంచులలోను, పెట్టెలలోను తెచ్చియిచ్చిరి. అట్లు చేరిన రాళ్లు ఇంచుమించు ఇరువది లక్షలు! నేడా గోడకెదుట నిలిచినవాడు ఇది మా యూరి యేటిదని యే రాతినైనను చూపవచ్చును. కాదని చెప్పగలవాడు లేడు. ధనము లేనివాడు రాయినిచ్చెను. చందాపుస్తకమున పెద్దయంకె వ్రాయలేక సిగ్గుపడి మొగము చాటువేయు బీదబంధువులను మేము చూచియున్నాము. అట్టివారిని గొజెలానీగారు ఏటియొడ్డునకు పంపిరి. ఈ యుపాయము మా మనసునకు హత్తుకొన్నంతగ ఆ కట్టడమందలి మరేదియు హత్తుకొనలేదు.

లోపల నెనిమిది మీటర్ల యెత్తుగల క్రీస్తుప్రతిమ యున్నది. ఖ్రోమి యను శిల్పి దానిని లోహమున మలచెను. శిలువ కనబడదు, క్రీస్తుదేహము మాత్రమే ముందునకు వంగి యెగురుచున్నట్లుండును. దివ్యసత్ప్రసాదమునుంచు మందసము గ్రహమండలపు టాకారమున నున్నది. అపొలో 11 యాత్రికులు చంద్రునిపైనుండి తెచ్చిన స్ఫటికము దానియందు పొదుగబడినది. మరియొక విగ్రహము గలదు. రెండవ సంగ్రామమున ఇటలీదేశపు మోంతె కసీనో యుద్ధమున గాయపడిన పోలెండు సైనికుల శరీరములనుండి వైద్యులు తీసిన ఇనుపతునకలు, సుమారు పది కిలోలు, కరగించి పోసిన మరియమాత విగ్రహ మది. చంద్రునిరాయిని చూచుటకు వచ్చువారే యెక్కువ. మేమైతే ఆ ఇనుపతునకల తల్లియెదుట నెక్కువసేపు నిలిచియుందుము.

1977 మే 15వ తేదీన కార్డినల్ వొయ్‌తీవాగారు దేవాలయమును ప్రతిష్ఠించిరి. వాన కురియుచుండగ వేలకువేలు జనము నిలిచిరి. దేవుడు లేని పట్టణమని చెప్పిన యిరువదియెనిమిదేండ్లకు జరిగిన యుత్సవ మిది. మరుసటి సంవత్సరము అక్టోబరు 16వ తేదీన ఆయనయే రెండవ జాన్ పాల్ అను పేరిట పాపుగా నెన్నుకొనబడిరి. 1979 జూన్‌లో స్వదేశమునకు వచ్చినప్పుడు, తాము పార పట్టి త్రవ్విన పునాదిపై లేచిన గుడిని చూడగోరిరి. ప్రభుత్వము బ్యెంచిత్సెకు పోనీయలేదు. మొగీవా మఠమునకు మాత్రమే సమ్మతించెను. జూన్ 9వ తేదీన మఠమునొద్ద లక్షలాది జనుల నడుమ పూజ చేసిరి. ప్రపంచమంతట తిరుగగలిగిన పాపుగారికి తమ స్వంత విచారణకు మూడు మైళ్లలోపు దూరము నిషిద్ధమయ్యెను.

ఒక్క విచారణ కథతో నిది ముగియదు. పట్టణము పెరుగుచుండెను. లక్షమందికని తలపెట్టిన యూరు కాలక్రమమున రెండులక్షలు దాటెను. ఉత్తరమున మిస్త్‌షెయోవిత్సె యను పేటలో 1970లో కుజెయా యను యువగురువు అనుమతి లేకయే చిన్న కొయ్యగుడిసె నొకదానిని లేపి, దాని ముంగిట పిల్లలకు మతబోధయు జనులకు పూజయు ప్రారంభించెను. ఆకుపచ్చరంగు వేసినందున జనులు దానిని ‘పచ్చగుడిసె’ యనిరి. అధికారులు పిలిపించి ప్రశ్నించిరి, జరిమానాలు విధించిరి, బెదరించిరి. చివరకు దేవాలయమునకు అనుమతి వచ్చెను గాని, ఆ శ్రమచే నాయన గుండె జబ్బుపడెను. 1976 ఆగస్టు 15వ తేదీన, ముప్పదితొమ్మిదవ యేట మరణించెను. పునీత మాక్సిమిలియన్ కోల్బె పేరిట నచ్చట లేచిన దేవాలయమును 1983 జూన్ 22వ తేదీన పాపుగారే వచ్చి ప్రతిష్ఠించిరి. ఈసారి వారిని ఆపలేదు.

నడుమ జరిగిన ఘోరమును చెప్పక తప్పదు. 1980లో పోలెండున ‘సాలిడారిటీ’ యను స్వతంత్ర కార్మికసంఘము పుట్టగా, లెనిన్ కర్మాగారమున పనివారిలో నత్యధికులు దానిలో చేరిరి. లెనిన్ పేరిటి కర్మాగారమున, కార్మికులదని చెప్పుకొను ప్రభుత్వముపై, కార్మికులే సమ్మె కట్టుట విధివిలాసము. 1981 డిసెంబరు 13వ తేదీన సైనికశాసనము ప్రకటింపబడెను. సమ్మెచేయుచున్న కర్మాగారమును మూడుదినములకు రక్షకులు బలమున లొంగదీసిరి. తదాది పూజ ముగిసిన పిదప దేవాలయమునుండి బయలుదేరు ఊరేగింపులు, వానిపై నీటిగొట్టములు, బాష్పవాయువు తఱచయ్యెను. 1982 అక్టోబరు 13వ తేదీన ‘ఓడ’ సమీపమున బొగ్దాన్ వ్వోషిక్ అను ఇరువదియేండ్ల యువకుని రహస్యరక్షకదళమునకు చెందిన యుద్యోగి తుపాకితో కాల్చి చంపెను. ఆ యువకుడు కర్మాగారమున పనిచేయుచు రాత్రులు చదువుకొనుచుండినవాడు. ఏ బిడ్డలకై యా పట్టణమును కట్టితిమని ప్రభుత్వము చెప్పుకొనెనో, అట్టి బిడ్డ యతడు. అతని శవయాత్ర ననుసరించి వేలాదిజనులు నడచిరి. పదియేండ్లకు, 1992లో, అచ్చట నతనికి స్మారకచిహ్నము నిలిపిరి.

ఆ చీకటికాలమున మిస్త్‌షెయోవిత్సెలో యాన్‌త్సాష్ అను గురువు గురువారములందు దేశముకొఱకు పూజలు జరిపెను. కారాగారములందున్నవారి కుటుంబములకు బియ్యము, బట్టలు, మందులు వంటివి చేర్చెను. కార్మికులకు చరిత్ర, అర్థశాస్త్రములు చెప్పు విద్యాలయము నొకదానిని దేవాలయముననే నడపెను. ఒకప్పుడు గుడిని తీసి బడి కట్టెదమనిరి. తుదకు గుడియే బడి యయ్యెను. పంతులుగ మా కీ ముక్క చెప్పుటయందు కొంత సంతోషము కలదని యొప్పుకొనుచున్నాము.

1988 వసంతమున కర్మాగారమున మరల సమ్మె జరుగగ దానిని మే 5వ తేదీన బలముతో నణచిరి. మరుసటియేట జూన్ ఎన్నికలలో కమ్యూనిస్టులు పరాజితులైరి. 1973లో గులాబీల రాజవీధిపై నిలిపిన లెనిన్ విగ్రహమును 1989 డిసెంబరులో తొలగించిరి. 1990లో కర్మాగారమునుండి లెనిన్ పేరును తీసి, సెంజిమీర్ అను పోలెండు లోహశాస్త్రజ్ఞుని పేరు పెట్టిరి. ఒకప్పు డిచ్చట ఇంచుమించు నలుబదివేలమంది పనిచేసిరి. 1977లో, అనగా ‘ఓడ’ ప్రతిష్ఠింపబడిన యేటనే, ఉత్పత్తి అరువదియేడు లక్షల టన్నులకు చేరెను. అనంతరము పనివారి సంఖ్య క్రమముగ తగ్గెను. కర్మాగారము విదేశీయ సంస్థ చేతికి పోయెను. 2019 నవంబరులో ఊదుకొలిమిని ఆర్పిరి. 2020లో నిక దానిని వెలిగింపమని ప్రకటించిరి.

ఉక్కుకొలిమి కొఱకు పొలములిచ్చిన పల్లెలు మన విశాఖసీమయందును కలవు; అచ్చటి పాఠకులకు బురద, బారకాసులు, పోయిన పొలముల మాట మేము వివరింపనక్కఱలేదు. నోవా హుతాలో కొలిమి చల్లారినను విచారణలు నిలిచియున్నవి. గుడిని కట్టిన తరమువారిలో బ్రతికియున్నవారు వృద్ధులు. ఏటేట ఏప్రిల్ 27వ తేదీన శిలువస్థలమున పూలుంచుచున్నారు. ఆ ప్రక్కనున్న పాఠశాలలో పిల్లలు చదువుకొనుచున్నారు.